మీటరులో అమ్మ

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్.
సెప్టెంబరు 15, 1996.

అత్తమ్మ వరహాలమ్మ గారి పాదాలకు ఊర్మిళ దణ్ణం పెట్టి రాసుకుంటున్న సంగతులు. ఇక్కడ నేనూ బుజ్జీ కులాసా. బొబ్బిలిలో మీరూ, బావగారూ, అక్కా, పిల్లలూ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అక్షరాలు గుమ్మడికాయలంత రాసి కాగితాలు తగలేస్తోందని తిట్టుకోకండి. కారణం ఉంది, తర్వాత చెబుతాను.

బుజ్జి దగ్గు తగ్గిందా అని అడిగారు. తగ్గింది. తెలుగు మరిచిపోతోందా అని అడిగారు. మరవలేదు గానీ అన్నీ కలిపేస్తోంది. మొన్న అన్నం తింటూ "అమ్మా, సబ్జీలో నమక్ నేదు" అంది. కూరని సబ్జీ, ఉప్పుని నమక్ అనడం ఇక్కడిది, ఆ 'నేదు' మాత్రం అచ్చంగా మీదే. పొలమారేంతగా నవ్వాను. ఇక ఆ మిషన్ల మధ్య నాకు షాకు కొట్టదా అని అడిగారు. కొట్టదు అత్తమ్మా. మీ అబ్బాయి పోయాక ఆయన చోట ఇచ్చిన ఈ ఉద్యోగంలో నాలుగేళ్లుగా ఉన్నాను, ఇంకా భయమేమిటి? మీ చివరి ప్రశ్న ఒకటి ఉంది. దాని దగ్గరికీ వస్తాను. ముందు మా రైల్వే వర్క్‌షాపు లాబ్‌లో జరిగింది వినండి.

మా దగ్గర కరెంటు కొలిచే పెద్ద మీటరు ఒకటుంది. అది తప్పు చూపకుండా ఉండటానికి కావలసిన లెక్కలన్నీ దాని లోపలే దాచి ఉంటాయి. స్విచ్చి ఆపేసినా ఆ లెక్కలు చెరిగిపోకుండా బొటనవేలంత బ్యాటరీ ఒకటి కాపలా కాస్తుంది. అది చచ్చిపోయిందంటే మీటరుకి ఒక్క ముక్కా గుర్తుండదు. మళ్లీ బెంగళూరు పంపి నేర్పించుకు రావాలి.

మీకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. ఆ మీటరు కొత్తగా వచ్చినప్పుడు బిగించింది మీ అబ్బాయే. అందులో మనకి నచ్చిన మాట ఒకటి పెట్టుకోవచ్చు, స్విచ్చి వెయ్యగానే ముందు అదే కనిపిస్తుంది. అందరూ ఆఫీసు పేరు పెడతారు. ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని పెట్టాడు. మా పై ఆఫీసరు సాబ్ ఇప్పటికీ "యే అమ్మా క్యా హై భాయ్?" అని, ఈ అమ్మ ఏమిటని అడుగుతూనే ఉంటాడు. రోజూ పొద్దున్నే స్విచ్చి వేసి మిమ్మల్ని చూశాకే నేను పని మొదలుపెడతాను.

కిందటి నెలలో బ్యాటరీ నీరసించిందని మీటరే చెప్పింది. మార్చాలి. పాతది తీసి కొత్తది పెడదామంటే కుదరదు, ఆ మధ్యలోనే అంతా మరిచిపోతుంది. ముందు టార్చిలైటు సెల్సు వైర్లతో తగిలించి, ఆ తర్వాతే పాతది ఊడదియ్యాలి. నాకు సాయం వచ్చినాయన స్టోర్సులో పనిచేస్తాడు, రాజమండ్రి వైపు మనిషి. 'అమ్మ' సంగతి ఆయనకి చెప్పి, "పోతే పోనీండి, మళ్లీ నేనే ఆ అక్షరాలు కొట్టుకుంటాను" అన్నాను.

ఆయన చేతిలో వైరు పక్కన పెట్టేశాడు. "కొట్టొచ్చండి. కానీ అది మీరు కొట్టిందవుద్ది. ఆయన కొట్టింది అవదు కదండీ" అన్నాడు.

నేనే ఆ వైరు తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టాను.

సరే, సెల్సు తగిలించాం. పాత బ్యాటరీ ఊడదీశాను. కొత్తది అతికించబోతుంటే కరెంటు పోయింది! మీటరు ఆరిపోయింది, చేతిలో టంకం పెట్టే కాడ చల్లారిపోయింది. అంతలో సెల్సు వైరుకున్న క్లిప్పు జారబోయింది. ఆయన గబుక్కున రెండు వేళ్లతో అదిమి పట్టుకున్నాడు. ఆ రెండు వేళ్లే ఆధారం. భోజనాల గంట కొట్టారు. అందరూ వెళ్లిపోయారు. సాబ్ వచ్చి "ఛోడ్ దో భాయ్, బెంగళూరు భేజ్ దేంగే" అన్నాడు. వదిలెయ్, బెంగళూరు పంపేద్దామని. ఈయన వదల్లేదు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది, చెయ్యి మాత్రం కదలలేదు. నేను అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాను. అందరూ భోజనాలు ముగించి తిరిగొచ్చాక గానీ కరెంటు రాలేదు. అప్పుడు కొత్తది అతికించి, దేవుణ్ణి తలుచుకుని స్విచ్చి వేశాను. 'అమ్మ' అని వచ్చింది. అందరి ముందూ భోరుమని ఏడ్చేశాను.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. "బుజ్జి ఉత్తరంలో రెండుసార్లు సత్తిరాజు మావయ్య అని రాసింది, ఎవుడే ఆడు?" అని రాయించారు. ఆయనే అత్తమ్మా. ఎప్పుడూ మీకొచ్చే ఉత్తరాలు పక్కింటి కోటమ్మ వదిన చదివి పెడుతుంది. కానీ ఈ మాట ఆవిడ నోట మీరు వినకూడదు. కూడబలుక్కునైనా మీరే చదువుకుంటారని అక్షరాలు ఇంత పెద్దగా రాశాను.

పోయిన ఆదివారం తెలీబంధా చెరువు దగ్గర బుజ్జికి మొక్కజొన్నపొత్తు కాల్పించి ఇస్తూ, నన్ను పెళ్లి చేసుకుంటానని అన్నాడు. ఆయన భార్య కాన్పులో పోయింది, పిల్లలు లేరు. మా అత్తమ్మని అడగాలన్నాను. "అడగండి. ఆవిడ వద్దంటే ఈ మాట మళ్లీ ఎత్తనండి" అన్నాడు.

నాకు ఇష్టమే అత్తమ్మా. సిగ్గు విడిచి రాస్తున్నాను. కొత్త మనిషి వస్తే మీ అబ్బాయి గుర్తులు చెరిగిపోతాయనే ఇన్నాళ్లూ ఎవరి ముఖమూ చూడలేదు. తీరా ఆ రోజు మీ అబ్బాయి పెట్టిన మాటని అన్నం మానేసి పట్టుకుని నిలబడింది ఈ కొత్త మనిషే.

మీరు వద్దంటే నేనూ ఎత్తను. మా అమ్మ పోయాక నాకు అమ్మ మీరే. నా భయమంతా ఒక్కటే. సరే అని రాసి, ఇక నువ్వు మాకేమీ కావని అంటారేమో. మీరు ఎప్పుడూ "మా కోడలు పిల్లకి" అని మొదలుపెట్టిస్తారు కదా. ఈసారి జవాబు ఏదైనా సరే, ఆ మాట మాత్రం మార్చించకండి. ముందు అది చూసుకుని, ఆ తర్వాతే తక్కిన ఉత్తరం చదువుతాను.

ఇట్లు,
మీ కోడలు పిల్ల
ఊర్మిళ