లాడ్జికి రెండో దారి

ఏమండీ,

మీకు నమస్కారాలు. నేనూ పాపా కులాసాగానే ఉన్నాం. ఆ వంతెన పని దుమ్ములో మీ దగ్గు మళ్ళీ తిరగబెట్టలేదని తలుస్తాను.

మీరడిగిన పాప మోకాలి దెబ్బ మానింది, పక్కు గోకొద్దంటే మాత్రం వినదు. కారే కుళాయి మార్పించాను. వెనక లాడ్జి సంగతేమిటని కూడా రాశారు. అది చెప్పడానికే కూర్చున్నాను. ఫోన్లో అయితే మీరు నవ్వేసి మాట మార్చేస్తారు.

మూతపడ్డ ఆ లాడ్జిని కార్పొరేషన్ వాళ్ళు కొన్నది నిజమే. ఫుట్‌పాత్‌ల మీద, బస్‌స్టాపుల్లో పడుకునేవాళ్ళకి తలా ఒక గది ఇస్తారట. రాత్రికి పడుకుని పొద్దున్నే దుప్పటి దులుపుకుని పొమ్మనే చోటు కాదు, ఉండిపోయే గది. కింద ఒక నర్సు, పనులు చూపించే ఆఫీసు. అంతా కుదిరాక అగ్నిమాపక అధికారి అడ్డం తిరిగాడు. మెట్లు ఒక్కవైపే ఉన్నాయి, నిప్పంటుకుంటే జనం ఎటు పోతారు, రెండో దారి లేందే సంతకం పెట్టనన్నాడు. ఆ దారి వస్తే మన పెరట్లోంచే రావాలి.

అప్పట్నుంచీ వీధంతా మన గుమ్మంలోనే. ఎదురింటి లాయరుగారైతే సాయంత్రమయ్యేసరికి హాజరు. "మీరు కాదంటే చాలమ్మా, అది ఆగిపోతుంది. ఆడపిల్ల ఉన్న ఇల్లు, ఆలోచించుకోండి" అని మెత్తగానే చెప్పేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ భయం పట్టుకుంది. కాదని చెప్పాలనే కార్పొరేషన్ వాళ్ళు పెట్టిన మీటింగుకి వెళ్ళాను.

హాల్లో కాలు పెట్టే సందు లేదు. ప్లాను వివరిస్తున్న ఇంజనీరమ్మని ఎవరూ మాట పూర్తి చెయ్యనివ్వలేదు. "దొంగల్ని తెచ్చి మా నెత్తిన పెడతారా?" అని ఒకటే అరుపులు. ఇంతలో చివరి వరసలోంచి ఒకామె లేచింది. పాప స్కూలు బట్టలు కుట్టే టైలరమ్మ! ఎక్కడికో వెళ్ళిపోయిందనుకున్నాం కదా. అద్దె కట్టలేక, మెషిను కూడా అమ్ముకుని, బస్‌స్టాపులో పడుకుంటోందట. నన్ను చూసి కూడా చూడనట్టే ఉంది.

"ఒక్కటే అడుగుతాను. గది తలుపుకి లోపల గడియ ఉంటుందా?" అంది.

"ఉంటుందమ్మా," అంది ఇంజనీరమ్మ.

"అయితే సరే," అని కూర్చుంది.

లాయరుగారు తేరుకుని నావైపు చెయ్యి చూపించారు. "వీళ్ళాయన నాతో ఫోన్లో మాట్లాడారు. ఆయనకి సుతరామూ ఇష్టం లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇల్లు నా పేరనుంది, నోరూ నాకే ఉంది. లేచి, "దారి ఇస్తున్నాను" అనేశాను.

ఆ వారమే ఎవరో రాయి విసిరితే వంటింటి కిటికీ అద్దం పగిలింది. పాప పక్కనే అన్నం తింటోంది. ఏం కాలేదు, కంగారు పడకండి. పోలీసులొచ్చి రాసుకుని వెళ్ళారు. పక్కింటి పిన్నిగారు పలకడం మానేశారు. పాపని బడికి నేనే దింపి, నేనే తెచ్చుకుంటున్నాను.

ఇక ఇంతసేపూ నాన్చుతున్న మాట. దారికి మీ వడ్రంగం షెడ్డు అడ్డొచ్చింది. పడగొట్టించేశాను. సెలవల్లో ఒక్కో రేకూ మీ చేత్తో బిగించుకున్న షెడ్డు. పనివాళ్ళు ఆ రేకులు పీకుతుంటే చూడలేక లోపలికొచ్చేశాను. మీ పనిముట్లన్నీ తుడిచి, నూనె రాసి, మంచం కింద పెట్టాను. అడిగితే వద్దంటారని అడగలేదు. వేరే సాకేం లేదు.

గోడ కొట్టి ఇనప తలుపు పెట్టారు. అధికారి సంతకం పెట్టాడు. నిన్ననే జనం గదుల్లోకి వచ్చారు. టైలరమ్మకి మేడమీద మూల గది దొరికింది. ఒకాయన బాల్కనీలో నిలబడి తనలో తాను గట్టిగా తిట్టుకుంటుంటే పాపని లోపలికి లాక్కున్నాను, ఆ మాట మీ దగ్గర దాచను. నర్సు వచ్చి ఆయన్ని నెమ్మదిగా తీసుకెళ్ళింది. ఈ భయం కొన్నాళ్ళు ఉంటుందేమో. అయినా ఇచ్చిన దారి మూయను.

మీరు నాకు రాయాల్సింది ఒక్కటే. లాయరుగారితో నిజంగా ఆ మాట అన్నారా? అనకపోతే ఆయన సంగతి నేను చూసుకుంటాను. అని ఉంటే, నన్నడక్కుండా మీరు నా ఇంటి గురించి మాటిచ్చారు, మిమ్మల్నడక్కుండా నేను మీ షెడ్డు పడగొట్టాను. మీరొచ్చాక చెరో గదిలో అలిగి కూర్చుందాం. అబద్ధం మాత్రం రాయకండి.

ఇట్లు,
కోపంతోనే ఎదురుచూస్తున్న
మీ ఆవిడ