మాస్కు తీసే సారు

రజిత బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కరోనాకు మూసిన బళ్లు మళ్లీ తెరిచారు. మనం బతకొచ్చిన ఈ అమ్రోలిలో గది ఖాళీ చేసి, పిల్లను తీసుకుని ఎల్లుండి ఊరికి పోతున్నాను. దాన్ని ఏ బడిలో వేయాలో మీ తమ్ముడికి ఈ పొద్దే చెప్పాలి.

అతను రెండు సర్కారు బళ్లూ చూసొచ్చి ఫోన్ చేశాడు. మన ఊరి బడి ఇంటి పక్కనే, కానీ ఐదు తరగతులకూ ఒక్కడే సారు. పక్క ఊళ్లో ముగ్గురు సార్లున్నారు, వాగు దాటి నడవాలి.

"ఏ బడిల సారు మాస్కు తీసి పాఠం చెప్తడు?" అని అడిగాను.

"గిదేం అడుగుడు వదినా? ఎవ్వరు తీస్తలేరు."

అతనికేం తెలుసు. కార్ఖానాలో బట్ట నేసే సాంచాల మోతకు అలవాటుపడి, నువ్వు ఇంట్లో కూడా గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడేవాడివి. రజిత నీ పెదవులు చూసి జవాబు చెప్పేది. బాపు పోలికే అని మురిసిపోయాం. నువ్వు పోయాక దవాఖానలో నర్సు దాని పేరడిగింది. అది నర్సు మూతికున్న గుడ్డనే చూస్తూ నిలబడింది. పిల్లకు సరిగా వినబడదని నాకు ఆ రోజే తెలిసింది.

రెండు బళ్లనూ ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టి చూసినా దానికి ఒకటే. నాకు దిక్కు తోచడం లేదు.

ఏ బడో నువ్వే చెప్పు. గొంతు అక్కర్లేదు. పెదవులు కదిపితే చాలు, నేను చదువుకుంటాను.