మూడో గీతకు చేయెత్తిన మనిషి

చుంగ్‌చోంగ్ రాష్ట్రం పడమటి తీరాన, హేపో రేవులో, బొగ్గు కరెంటు కేంద్రం గేటు ఎదుట అన్నం కొట్టు నడుపుకుంటున్న మేంగ్ ఓక్‌బున్ అనే నేను, కీర్తిశేషులు తాక్ కిచున్ భార్యను, స్వహస్తంతో రాస్తున్న మరణశాసనం ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు. దిగ్భ్రమ మాత్రం ఉంది. ఆగస్టు నుంచీ అది నన్ను వదల్లేదు. అది మతిభ్రమణం కిందికి రాదని మందుల షాపు ప్యో యోంజు గారు హామీ ఇచ్చారు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆవిడకే అప్పగిస్తున్నాను.

1. గేటు ఎదుటి కొట్టు, పొయ్యిలు, గిన్నెలు, బల్లలతో సహా, ఇన్నాళ్ళూ నాతోపాటు వండిన కో వోల్‌సన్‌కు సర్వహక్కులతో చెందాలి. కేంద్రం మూతపడితే తినేవాళ్ళుండరని ఆమె అమ్మేసుకున్నా ఎవరూ అడ్డు చెప్పరాదు.

2. కిమ్చి ఊరగాయ జాడీలన్నీ మా మరిది తాక్ కిసోప్ భార్యకు. మరిదికి కాదు. "ఉప్పెక్కువైంది వదినా" అంటూనే మూడు గిన్నెలు లాగించేవాడు, దానికి నాకు కోపం లేదు. కోపం వేరే ఉంది.

పోయిన ఏడాది ఆకులు రాలే రోజుల్లో ఊరి హాల్లో సభ పెట్టారు. దేశం వదిలే పొగను తగ్గించడానికి మూడు దారులున్నాయని తెరమీద మూడు గీతలు చూపించారు. మొదటి గీత ప్రకారం మా కేంద్రం ఇంకో పదిహేనేళ్ళు నడుస్తుంది. రెండోదాని ప్రకారం పదేళ్ళు. మూడోది నిట్టనిలువుగా దిగిపోతుంది; మూడేళ్ళలో మూత. యూనియన్ పెద్దగా మరిది అప్పటికే ఇల్లిల్లూ తిరిగి, అందరినీ మొదటి గీతకే చేయెత్తమన్నాడు.

ఆ గీతలు వివరించడానికి వచ్చి నిలబడింది మా సోరమ్. మా ఒక్కగానొక్క కూతురు. సియోల్‌లో ఏదో గాలీ వానా లెక్కలు చూస్తోందనీ, టీవీలో వాన కబురు చెప్పేవాళ్ళ లాంటి ఉద్యోగమనీ అనుకున్నాను. ఆ గీతలు గీసినవాళ్ళలో అదీ ఒకతి. నా చేతిలోని బార్లీ టీ ఒళ్ళో ఒలికిపోయింది.

అప్పుడు మా ఆయన లేచాడు. బాయిలరు ముందు బతుకంతా గడిపిన మనిషి, కూతుర్ని నాలుగు దులుపుతాడని హాలంతా చూస్తోంది. "నువ్వయితే ఏ గీత అంటావు తల్లీ?" అని అడిగాడు. అది తల ఎత్తకుండా మూడోదాని మీద వేలు పెట్టింది. "అయితే నాదీ అదే" అని చేయెత్తాడు. ఒక్కటే చేయి. నేను మొదటి గీతకే ఎత్తాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

ఇకనుంచి నువ్వు నాకు అన్నవు కావని మరిది అందరిముందూ అనేశాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. చివరికి పైవాళ్ళు రెండో గీత ఖాయం చేశారు.

3. సముద్రపు ఒడ్డున నా పుట్టింటి నుంచి వచ్చిన మిరప పొలం సంగతి. ఆగస్టులో ఆయన మిరపపళ్ళు కోయడానికి వెళ్ళి మధ్యాహ్నం అన్నానికి రాలేదు. వెళ్ళి చూస్తే సాళ్ళ మధ్య బోర్లా పడి ఉన్నాడు. వీపు మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. చెమట చుక్క లేదు. ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే మాట. హేపోలోనా? ఈ సముద్రపు గాలిలోనా? ఇప్పటికీ ఆ మాట ఎవరన్నా నేను మళ్ళీ చెప్పమంటాను.

శవం దగ్గరే సోరమ్‌ను నిలదీశాను. మీ నాన్న చేయెత్తిన గీతే గెలిచి ఉంటే ఆయన బతికేవాడా అని. అవునని అబద్ధమైనా చెప్పలేదు. "లేదమ్మా. ఏ గీత ఎంచుకున్నా ఈ వేసవి మారేది కాదు. ఇకముందు వేసవులు ఇంతకంటే ముదరకుండా ఆపగలమేమో, అంతే. నాన్నకీ తెలుసు. సభకు ముందే ఫోన్ చేసి అడిగాడు."

తెలిసే ఎత్తాడట. తనకేమీ రాదని తెలిసీ, తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు.

సముద్రంలో గాలిమరలు నిలబెడుతున్న ఊరి సహకార సంఘం, కరెంటు తీగ ఒడ్డుకు చేర్చుకోవడానికి ఆ పొలం అడిగింది. రెండుసార్లు గుమ్మంలోంచే పంపేశాను. ఇప్పుడది వాళ్ళకు రాస్తున్నాను. షరతు: కేంద్రంలో పని పోయినవాళ్ళను ముందుగా పనిలోకి తీసుకోవాలి, కిసోప్‌తో సహా. అతను అడగడు. సంఘమే వెళ్ళి పిలవాలి.

4. మా ఆయన చలికోటు కిసోప్‌కు. అన్నదమ్ములిద్దరికీ భుజాల కొలత ఒకటే.

5. నేను వేసవిలో పోతే తెల్లవారగానే దహనం ముగించాలి. నాకోసం ఎవర్నీ ఎండలో నిలబెట్టవద్దు.

6. ఇల్లూ, మిగిలినదంతా నా కూతురు తాక్ సోరమ్‌కు. అమ్మాయ్, వేసవులు ముదురుతాయని నువ్వు చెప్పింది తప్పని తేలితే నిన్ను తిట్టుకుని ఊరుకునేదాన్ని. నిజమైంది. దాంతో ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఆ రోజు ఫోనులో ఆయన నిన్ను ఏమడిగాడో, నువ్వేం చెప్పావో, ఫోను పెట్టేముందు ఆయన ఏమన్నాడో, నాకు మొత్తం కావాలి. నేను బతికుండగానే వచ్చి చెప్పు. ఇది వీలునామాలో రాసే సంగతి కాదని యోంజు గారు అంటున్నారు. నేను దీన్ని కొట్టెయ్యను.

2025 నవంబరు 6, హేపో రేవు.

(సంతకం, ముద్ర) మేంగ్ ఓక్‌బున్

సాక్షులు: నామ్‌గుంగ్ హ్యోక్ (ఐసు ఫ్యాక్టరీ), సన్‌ఊ మ్యోంగ్‌జా (తపాలా కార్యాలయం).