కొలత పుల్ల మీద రెండు గాట్లు

అక్టోబరు 1. పొద్దున్న ఏడు.
ఇది మా ఉగ్లేషా నోటు పుస్తకం. తన కారులో ఆయిల్ ఎప్పుడు మార్చాడో అన్నీ రాసుకున్నాడు. ఏప్రిల్ తర్వాత పేజీలన్నీ ఖాళీ. నా కొడుకు రాత ఆగిన చోట నేను మొదలుపెడుతున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే కారేమీ చదవదు కదా.

మా ఆయన రదోయె నిన్న తేల్చేశాడు. "ఇరవై నాలుగుకి వాడు పోయి ఆరు నెలలు. ఆ రోజు కారు మనల్ని కొండ మీద సమాధి దాకా తీసుకెళ్తే ఉంటుంది. లేదంటే తుక్కు దుకాణానికే."

పోనిస్తానా!

ఇంజనులో ఆయిల్ ఎంతుందో చెప్పే కొలత పుల్ల చూడటం మెకానిక్ స్రెటెన్ నేర్పాడు. పుల్ల మీద రెండు గాట్లు. ఆయిల్ వాటి మధ్య ఉంటే చాలట. "పై గాటు దాటినా, తక్కువైనంత ప్రమాదమే పిన్నీ!" అన్నాడు.

నా నియమాలు:
పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి.
ఉగ్లేషా రాసిన 10W-40 రకం ఆయిల్ తప్ప వేరేది పొయ్యకూడదు.
పై గాటు దాటి ఒక్క చుక్క కూడా వద్దు!!

అక్టోబరు 2. ఏడు.
సరిగ్గా మధ్యలో ఉంది. రంగు తేనె. భేష్!

అక్టోబరు 3.
మధ్యలో. భేష్.

అక్టోబరు 4.
మధ్యలో. అంటే సగం. మా సెర్బియాలో అతిథి గ్లాసు సగానికి దిగితే ఇల్లాలికి తలవంపులు. పళ్ల సారా రాకియా తాగే బుల్లి గ్లాసుతో ఒక్కటి పోశాను. ఇంకా పై గాటు కిందే ఉంది. నియమం తప్పలేదు.

అక్టోబరు 6.
పై గాటుకి తాకింది! రదోయె కిటికీలోంచి అరిచాడు. "ఏమే గ్రోజ్దానా, కడుపు నిండిందా దానికి?"
"నిండింది. నీ పని చూసుకో."

అక్టోబరు 9. మధ్యాహ్నం.
రదోయె కారు పదినిమిషాలు నడిపి ఆపాడు. వెంటనే పుల్ల తీశాను (పొద్దున్నే కాదు, తెలుసు). పై గాటు కిందికి పోయింది! తాగేశాడు! కాఫీ కప్పుతో ఒకటి పోశాను. మా ఉగ్లేషా వయసు కుర్రాడికి అంత ఆకలే.

అక్టోబరు 10. ఏడు.
పై గాటుకి వేలెడు పైన. వాకిలి ఏటవాలు, అందుకే. వాకిలిదే తప్పు.

అక్టోబరు 14.
సమాధి దగ్గరికి నడిచి వెళ్లాను. ఎప్పటిలాగే వాడి పేర వైన్ మట్టిలో పోశాను. మట్టి పీల్చేసుకుంది. వాడికి అందిందో లేదో ఎవరు చెప్తారు? కారుకి పోస్తే అందినట్టు పుల్ల మీద కనిపిస్తుంది.
ఇంటికొచ్చి రెండు కప్పులు పోశాను.

అక్టోబరు 17.
డబ్బా అయిపోయింది. పక్కింటి విదోసావా ట్రాక్టరు ఆయిల్ సీసా తెచ్చింది. "చిక్కగా ఉంటుంది వదినా, బలం!" ఇంటి ఇలవేల్పు స్లావా పండక్కి ఒక్క కూరే పెడతామా ఎవరైనా? పోశాను. రెండో నియమం గురించి రేపు ఆలోచిస్తాను.

అక్టోబరు 18.
ఆలోచించలేదు. పుల్ల కూడా చూడలేదు. పోశాను.

అక్టోబరు 21. పదకొండు.
స్టార్టు చేశాం. దేవుడా! వాకిలంతా నీలం పొగ! విదోసావా కోళ్లు కనపడలేదు, విదోసావా కూడా కనపడలేదు. ఎక్కడినుంచో "శిలువ గుర్తు వేసుకో వదినా!" అని మాత్రం వినపడింది. రదోయె దగ్గుతూ కేకలు. "పాదరీ రాకుండానే ధూపం వేసేశావు కదే!"

స్రెటెన్ వచ్చాడు. ఇంజను అడుగు మర విప్పి ఆయిల్ దించాడు. బేసిను నిండింది. బకెట్టు తెచ్చాం.
"పిన్నీ, దీనికి పట్టేది మూడున్నర లీటర్లు. ఐదు దాటింది! అతిథి కాదు పిన్నీ ఇది, ఇంజను!"
"సగం గ్లాసు చూస్తూ ఊరుకోలేకపోయాను నాయనా."
రదోయె బకెట్టు వైపే చూస్తున్నాడు. తుక్కు మాట ఇప్పుడొస్తుంది అనుకున్నాను. రాలేదు. "బతుకుతుందా?" అని మాత్రం అడిగాడు.
"ఒక రబ్బరు సీలు కారుతోంది, మారుస్తాను. కొత్త ఆయిల్ నేనే పోస్తాను. మీరిద్దరూ దూరంగా నిలబడండి."

అక్టోబరు 24.
కారులోనే వెళ్లాం! కొండ మలుపులో ఒక్కసారి దగ్గింది, అంతే. పైకి ఎక్కించింది.
పాదరీ ప్రార్థన అయ్యాక రదోయె సమాధి రాయి మీద వాడికి గ్లాసు పెట్టి వైన్ పోశాడు. నిండింది. పొర్లింది. ఇంకా పోస్తూనే ఉన్నాడు. చెయ్యి పట్టుకున్నాను.
"సగం పెట్టమంటావా నా కొడుక్కి?" అన్నాడు. ఆరు నెలల్లో మొదటిసారి ఏడ్చాడు.

అక్టోబరు 25. ఏడు.
మళ్లీ మొదటి రోజు. నియమాలు అవే మూడు.
నేను వెళ్లేసరికే బానెట్ ఎత్తి ఉంది. రదోయె ఒక చేతిలో పుల్ల. ఇంకో చేతిలో కొత్త డబ్బా, మూత తీసేశాడు.
"మధ్యలోనే ఉంది గ్రోజ్దానా."
"మధ్యలో ఉంటే చాలు. మూత పెట్టవయ్యా."
పెట్టలేదు. ఇంజను మీదికి వంగాడు. "ఒరేయ్ ఉగ్లేషా, చాలా?" అన్నాడు. ఏప్రిల్ నుంచి ఆ పేరు వాడి తండ్రి నోట రాలేదు.
నేనూ వంగి ఇంజను దగ్గర చెవి పెట్టాను.
"చాలంటున్నాడు," అన్నాను.