నాలుగో రుచి

మద్దిగూడెం,
చండ్రుగొండ మండలం,
10-6-2008.

చిరంజీవి శ్యామలకు మీ నాన్న పగిడయ్య దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేము క్షేమంగానే ఉన్నాం. క్షేమం అంటే మీ అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే నొస్తున్నాయి, నా నడుము ఎప్పటిలాగే పట్టేస్తోంది, కొత్తగా చెడింది ఏమీ లేదు. నువ్వు బెంగుళూరులో వేళకు తింటున్నావని అనుకుంటున్నాం. హోటల్లో పనిచేసే పిల్ల పస్తుంటుందంటే ఎవరైనా నవ్వుతారు గాని, వడ్డించేవాళ్ళు ఆఖరున తింటారని నాకు తెలుసు.

వానల సంగతి అడిగావు. మృగశిర కార్తె వచ్చింది. ఒక పెద్ద వాన పడింది, తర్వాత ఆకాశం మొహం చాటేసింది. దుక్కి అయింది, పత్తి గింజలు సంచిలోనే ఉన్నాయి, మేం పైకి చూస్తూ కూర్చున్నాం. ఈ ఏడు పని చేయడంకన్నా ఎదురుచూడడంలోనే నాకు ఒళ్ళు ఎక్కువ అలిసిపోతోంది.

అమ్మ బిళ్ళలు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది. ఖమ్మం పెద్ద దవాఖానాలో ఒకసారి చూపిద్దామంటే మాత్రం కదలదు. "ఆ బస్సుల కూసుంటే ఉన్న మోకాళ్ళు గూడ పోతయి" అంటుంది. ముత్తక్క ఇంకా ఉందా అని కూడా అడిగావు. మా మేనత్తకు చావే భయపడుతుంది. పళ్ళు రాలిపోయాయి గాని నోరు పోలేదు.

ఇప్పపువ్వు ఈ ఏడు మధ్యరకంగా రాలింది. మీ అమ్మ ఆ మోకాళ్ళతోనే పోయి ఏరి, ఎండబెట్టి, రెండు బుట్టలు దాచింది. వయసుతో ఆమెకు మాటలెక్కువయ్యాయి. పూర్వం పండక్కి సారా దించితే నా ముందు ఆకు డొప్ప పెట్టి గమ్మున నిలబడేది. నేను వాసన చూసి, గుక్క పట్టి, పెద్దలకు పెట్టవచ్చని చెప్పేదాకా ఊపిరి తీసుకునేది కాదు. ఇప్పుడు డొప్ప చేతికి ఇస్తూనే "గీసారి మంచిగ దిగింది" అనో, "జర పులిసిందేమో సూడు" అనో తనే తీర్పు చెప్పేస్తుంది. మన ఊరి పెద్ద దూలయ్య మొన్న పండక్కి నవ్వాడు కూడా. "ఏందే జంపక్కా, నువ్వే చెప్తే ఇగ పగిడయ్యెందుకు?" అన్నాడు. మీ అమ్మ నవ్వలేదు.

ఇన్ని సంగతులకు ఫోను చాలదా, ఉత్తరమెందుకు అంటావేమో. సెల్లు పలకాలంటే గుట్టెక్కాలి. ఎక్కాక అరిచి మాట్లాడాలి. అరిచి చెప్పగలిగే మాటలు వేరు, ఇది వేరు. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదువు.

నువ్వు పంపిన సీసా భద్రంగా చేరింది. ఏన్కూరు సోమ్లా బెంగుళూరులో మిరపకాయలు దించి వస్తూ, లారీలో తన సీటు వెనక దుప్పట్లో చుట్టి తెచ్చాడు. దారిలో ఆబ్కారీ వాళ్ళు ఆపితే "మా అత్తకు కషాయం" అని చెప్పాడట. దానితో వచ్చిన నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బెల్జియం అనే దేశం పద్ధతిలో మసాలాలు వేసి, చెక్క పీపాలో ఏడాది మాగబెట్టిన గట్టి బీరు. మీ పెద్ద సారు దానిమీది కాగితం చింపేసి తలా రెండు సీసాలు ఇచ్చి, అందులో నాలుగు రుచులు పట్టుకున్నవాళ్ళను పానీయాల వైపు తీసుకుంటానన్నాడు. పట్టుకోలేనివాళ్ళు పెళ్ళి విందుల్లో ఎంగిలి పళ్ళేలు ఎత్తే పనిలోనే ఉండాలి. నీకు మూడు దొరికాయి: ధనియాలు, నారింజ తొక్క, పీపా చెక్క. నాలుగోది తెలిసిన రుచే గాని పేరు అందడం లేదన్నావు. "నువ్వైతే ఒక్క గుక్కలో పట్టేస్తావు నాన్నా" అని రాశావు. నిన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజున కూడా, మా ఊర్లో సారా ముందు మా నాన్న రుచి చూస్తాడు, ఆయన సరే అంటేనే కుండ కదులుతుంది, ఆయన ముక్కే నాకు వచ్చింది అని చెప్పావట. ఆ ముక్క చదివినప్పుడు నేను ఉత్తరం మడిచి కాసేపు బయటికి పోయి కూర్చున్నాను.

నువ్వు చల్లబెట్టమన్నావని సీసాను నీళ్ళ కుండ కింద తడి ఇసుకలో ఒక పూటంతా ఉంచాం. సాయంత్రం ఎండ ఉండగానే దూలయ్య వచ్చాడు, ముత్తక్క కర్ర పట్టుకుని వచ్చింది. సోమ్లా సరే, తాను మోసుకొచ్చిన కషాయం ఏమిటో చూడకుండా కదలనన్నాడు. నేను కొడవలి వెనక వైపుతో మూత లేపాను. ఇసుక చల్లదనం దానికి చాలలేదో, లారీ కుదుపులకు కోపమొచ్చిందో, బుస్సున పొంగి నా చేయంతా తడిపి నేల మీద పడింది. పెద్దలకు ధార పోయాలని నేను చెంబు తీసుకునేలోపే అంతా అయిపోయింది.

"మనం పొయ్యకముందే భూమి తాగింది. దూపమీదున్నది పాపం" అన్నది ముత్తక్క.

మిగిలింది డొప్పల్లో పోశాం. బెల్లం పాకం ముదిరితే వచ్చే రంగు. మన సారా నీళ్ళలా ఉంటుంది కదా, అందుకని ముత్తక్క మొదట ముట్టుకోనన్నది. తర్వాత ఒక చుక్క నాలిక మీద వేసుకుని చాలాసేపు చప్పరించింది. "సొరబుర్రల పోసి మరిచిపోయిన తీరున్నది. కని బుర్ర గాదు. చెట్టు" అన్నది. ఏ చెట్టని సోమ్లా అడిగితే, "మన చెట్టు గాదు, సల్లటి దేశంల చెట్టు" అన్నది. ఆమె ఖమ్మం దాటి ఎరగదు. నువ్వు చెప్పిన పీపా చెక్క నిజమేనని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది. దూలయ్యకు ధనియాలు తెలిశాయి. సోమ్లాకు తలకెక్కుతుందన్న సంగతి ఒక్కటే తెలిసింది.

మీ అమ్మ ఒక గుక్క తాగి డొప్ప కింద పెట్టింది. ఏమీ అనలేదు. నా డొప్ప చేతికి ఇచ్చేటప్పుడు కూడా ఈసారి ఏమీ అనలేదు.

అందరూ నా వైపు చూశారు. నేను డొప్పను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే మూడుసార్లు ఊపిరి పీల్చాను. గుక్క పట్టాను. మింగాను. "యాలకులు" అన్నాను.

"గంతే మరి. పగిడయ్య ముక్కంటే ముక్కే" అన్నాడు దూలయ్య.

మర్నాడు పొద్దున్నే గుట్టెక్కి నీకు ఫోను చేశాను. మీ అమ్మ కూడా నీ గొంతు వింటానని ఆ మోకాళ్ళతో వెంట వచ్చింది. "యాలకులా? ఖాయమేనా నాన్నా? నాకు అది తోచలేదే" అన్నావు నువ్వు. నేను ఖాయమన్నాను. "నువ్వంటే అదే అయ్యుంటుంది, నేనే పోల్చుకోలేదు, శనివారం అదే రాస్తాను" అన్నావు. నీ గొంతులో అంత నమ్మకం వినిపించాక అది కాదని చెప్పకుండానే ఫోను పెట్టేశాను.

అమ్మా శ్యామలా, యాలకులు రాయకు. ఆ మాట నేను కల్పించి చెప్పాను.

దిగేటప్పుడు సగం దారిలో మీ అమ్మ రాయి మీద కూర్చుంది. మోకాళ్ళ కోసమనుకున్నాను.

"అది యాలకులు గాదు గద" అన్నది.

"నీకేం తెలుసు?" అన్నాను. తప్పు చేసినవాడికి ముందు కోపమే వస్తుంది.

"ఇప్పపువ్వు. ఎండబెట్టి, పెంక మీద జర మాడేదాంక ఏంచిన ఇప్పపువ్వు వాసన. పుట్టినకాడికెల్లి నెత్తి మీద మోస్తున్న, నాకెర్క గాదా?"

"మరి నిన్న అనకపోతివి?"

"నలుగుట్ల నీ మాట మీద మాటెట్ల అంటా? నువ్వు ఏమంటవోనని నేను గూడ భయంతోనే సూసిన. మన సారా అయితే నాకెర్క, నీకు ముందే చెప్తుంటి. ఇది నీ చేతికిచ్చేటప్పటికి నాకే తెల్వలే. ఏమని చెప్పాలె నీకు?"

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నేను కూడా ఆమె పక్కన కూర్చున్నాను.

ఇక చెప్పేస్తాను. నాకు వాసన పోయి మూడేళ్ళు దాటింది. ఖమ్మం మిరపకాయల యార్డులో రెండు ఎండాకాలాలు కాపలా పని చేశానని నీకు చెప్పాను. కాపలా కాదు. రంగు పోయిన తాలుకాయ ఏరే షెడ్డులో బస్తాలు గుమ్మరించే పని. మొదటి ఏడు తుమ్ములు, ముక్కులో రక్తం. రెండో ఏడు తుమ్ములు ఆగిపోయాయి, అలవాటైందని సంతోషించాను. ఇంటికొచ్చాక తొలివాన పడింది, మట్టి వాసన రాలేదు. అప్పుడు తెలిసింది. దవాఖానాలో డాక్టరు లైటు వేసి చూసి, ఇక రాకపోవచ్చు అన్నాడు. నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి, కారం మండుతుంది. అంతే. నీ సీసా నా నోట్లో తీపిగా మొదలై, చేదుగా తిరిగి, గొంతులో వెచ్చగా దిగింది. నాకు తెలిసిన రుచి నిజంగా అంతవరకే.

ఆ రెండు ఎండాకాలాలు నీ హోటల్ చదువు సాగిన రోజులే. ఈ ముక్క రాయకూడదనే ఇన్నాళ్ళూ మొత్తం దాచాను. నీవల్లే పోయిందని నువ్వు అనుకుంటావు. వద్దన్నా అనుకుంటావు, మీ అమ్మ కూతురివి కదా. పోయినేడు నువ్వు వచ్చి చేపల పులుసు వండి, ఎట్లుంది నాన్నా అంటే, మీ హోటల్లో కూడా ఇలా ఉండదన్నాను. ఆ రోజు నా నోటికి పులుపు తప్ప ఏమీ తెలియలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముక్కు పోయినందుకు అంత బాధ లేదు బిడ్డా. పండక్కి పండక్కి కళ్ళు మూసుకుని ఉత్తుత్తి ఊపిరి పీల్చి, పెద్దల ముందు అబద్ధమాడి, ఆ రోజుల్లో మిరప బస్తా మోసినప్పటికన్నా ఎక్కువ అలిసిపోయాను.

మీ అమ్మకు నేను యార్డు నుంచి వచ్చిన మొదటి పండగకే తెలిసిందట. మాడు వాసన కొట్టి పారబోయాల్సిన కుండలోంచి పొరపాటున ముంచి ఇచ్చిందట, నేను బ్రహ్మాండమన్నానట. ఆ కుండను తనే కాలు తగిలినట్టు తన్ని ఒలకబోసి, మళ్ళీ దించింది. అప్పటినుంచి డొప్ప ఇచ్చే ముందు నాకు వినపడేలా చెప్పడం మొదలుపెట్టింది. నేనేమో వయసుతో మాటలెక్కువయ్యాయని నవ్వుకున్నాను. ఈ ఉత్తరంలో పైన కూడా నవ్వుతూనే రాశాను. కొట్టివేద్దామనుకుని వదిలేశాను. నేనెంత తెలివిగలవాణ్ణో నువ్వు కూడా చూడు.

ఇప్పుడు నీ పరీక్ష మాట. మీ పెద్ద సారుకు ఇప్పపువ్వు తెలుస్తుందో లేదో. భద్రాచలం లడ్డూలో నల్లగా తగిలే ఎండుద్రాక్ష దానికి దగ్గరగా ఉంటుందని మీ అమ్మ అంటోంది. కాని మా ఎవరి మాటా నమ్మి రాయకు. మీ అమ్మ ఏంచిన ఇప్పపువ్వు చిన్న మూట కట్టి సోమ్లా చేతికి ఈ ఉత్తరంతో పాటు ఇస్తున్నాం. రేపు బుధవారం లారీ కదులుతుంది, శుక్రవారానికి నీకు చేరుతుంది. ముందు మూట విప్పి వాసన చూడు. తర్వాత నీ దగ్గర మిగిలిన గుక్క తాగు. రెండూ ఒకటే అని నీ ముక్కు చెప్తేనే రాయి, లేదంటే ఆ నాలుగో గడి ఖాళీగా వదిలేయి. ఎంగిలి పళ్ళేలు ఎత్తడం చిన్నతనం కాదు. నా అబద్ధంతో ఓడిపోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. ముక్కు నానుంచే వచ్చిందని చెప్పుకున్నావు కదా, ఇప్పుడు మన ఇంట్లో అది నీ దగ్గర, మీ అమ్మ దగ్గరే మిగిలింది. జాగ్రత్తగా చూసుకో.

దూలయ్యతో కూడా చెప్పేస్తాను. వచ్చే పండక్కి మొదటి డొప్ప మీ అమ్మ చేతికి ఇవ్వమంటాను. ఊరు నవ్వితే నవ్వనీ. మీ అమ్మ మాత్రం "తొందరేంది, సూద్దాం" అంటోంది.

ఇందాక మూట కట్టేటప్పుడు ఆమె పువ్వు గుప్పెట్లోకి తీసి, అలవాటు కొద్దీ నా ముక్కు దగ్గర పెట్టింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అయినా నేనేమీ అనకముందే, "మంచిగనే ఉన్నయి, పురుగు పట్టలే, వాసన కమ్మగున్నది" అన్నది. నేను ఊపిరి పీల్చి, "అవ్, కమ్మగున్నది" అన్నాను.

ఇట్లు,
యాలకులని నీతో అబద్ధమాడిన మీ నాన్న,
పగిడయ్య.