సీటు కాళీగా ఉందట

జులై 3
మళ్ళీ పుచ్చు వంకాయలు. మునిగుడ సంతంతా వదిలేసి మా ఆయన తెలుగు మాట్లాడే ముసలమ్మ దగ్గరే కొంటాడు. పక్క గంపలో నవనవలాడేవి ఉంటాయి... ఒడియాలో అడగాలి కదా. సగం కోసి పారేశాను.

జులై 5
ఈయన మా నాన్న దుకాణానికి ఇల్లరికం వచ్చాడు. కూతురు హారిక పుట్టి, పెరిగి, ఇంటర్ కూడా అయింది. ఈయనకి మాత్రం ఒడియా రాలేదు. క్షవరానికి తెలుగాయన, మందులకి తెలుగాయన. ఎవరైనా ఒడియాలో పలకరిస్తే నవ్వి తలూపుతాడు. "తప్పు మాటాడితే ఏటనుకుంటారు?" అట. ఏమీ అనుకోరు. అనుకోవడానికి ముందు మనిషంటూ కనబడాలి.

జులై 8
హారిక నర్సింగు సీటు సంగతి. నేను స్నానానికి వెళ్ళినప్పుడే కొరాపుట్ కాలేజీ నుంచి ఫోను. ఈయన ఎత్తాడు. ముఖం వెలిగిపోతోంది. "సీటు కాళీగా ఉందట. రమ్మన్నారు. ఎల్లుండి తాపీగా ఎల్దాం."
పాయసం చేశాను, నా తెలివి తగలెయ్య.

జులై 10
సీటు పోయింది.
"నిన్ననే రమ్మన్నాం కదా" అంది కౌంటర్లో అమ్మాయి. కాలి అంటే ఒడియాలో రేపు. సీటు కోసం రేపు రండి అని వాళ్ళు చెబితే ఈయన చెవికి సీటు, కాలి, రండి — ఈ మూడే ఎక్కాయి. మన ఖాళీ అనుకున్నాడు. ఎప్పుడు రావాలని తిరిగి అడగలేదు.
"ఓపాలి అడిగితే నోరు అరిగిపోతాదేటండీ?" అన్నాను రైల్లో. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.
హారిక ఏడవలేదు. అదే భయంగా ఉంది.

జులై 11
పిల్ల జాతకం బాగాలేదట. ఈయన అంటున్నాడు.
జాతకమట! రోజుకో మాట మింగాడు. ఇప్పుడు పిల్ల సీటు మింగాడు.

జులై 14
ఎవరో చేరలేదట. ఒక సీటు మిగిలింది. రేపు మధ్యాహ్నంలోగా వచ్చినవాళ్ళలో మార్కులు చూసి ఇస్తారు. ఫోను నేనే ఎత్తాను. చీర తీసి పెట్టుకున్నాను.
హారిక గుమ్మంలో నిలబడింది. "నువ్వొద్దమ్మా. నాన్నా నేనూ ఎల్తాం."
ఆయనా? ఏం ఉద్ధరించడానికి?
"నువ్వు పక్కనుంటే నాన్న నోరిప్పడు. ఒడియాలో మాటంటే నవ్వుతావు. నాతో ఉంటే మాటాడతాడు... బాగానే మాటాడతాడు."
ఎప్పటినుంచి? ఎవరితో? నేను అడగలేదు.

జులై 15
తెల్లారకుండానే వెళ్ళారు. వెళ్ళేముందు ఈయన అద్దం ముందు గుండీలు పెట్టుకుంటూ ఏదో గొణుగుతున్నాడు. ఒడియా. అన్నీ తప్పులే. నవ్వు తన్నుకొచ్చింది... ఆయనకి కనబడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను.
సాయంత్రమైంది. ఫోను లేదు.