సెల్లులు లేని రిమోట్

వసుధా,
నీళ్లు రాంగనే డ్రమ్ము నింపు. అమ్మకు మందు ఇయ్యి. నేను మౌలాలి షాపుకు పోతున్న.

టీవీల మనం ఆడే ఆ కార్టూన్ గేమ్ మంచిదే, కాదన. ఇంటిల్లిపాది కూసొని ఆడచ్చు, ఒకరు పడితే ఇంకొకరు లేపుతరు. కానీ ఆడెటోళ్లు లేకున్నా నా తాబేలు బొమ్మ దానంతట అదే నడుస్తదని నాకెందుకు చెప్పలే? పొద్దున నా గేమ్ రిమోట్ తెరిస్తే లోపల సెల్లులే లేవు! "డాడీ, సూపర్ ఆడుతున్నవ్" అనుకుంట నువ్వు, మీ అమ్మ నవ్విండ్రు గదా. నేనేమో తాబేలును వంతెన దాటించిన అని షాపుల అందరికీ చెప్పుకున్న. నా వల్ల ఓడిపోతమని భయమైతే మొఖం మీదనే చెప్పాలె.

సాయంత్రం మళ్ల ఆడుదాం. ఓడితే ఓడుదాం, నా చేత్తోని ఓడుదాం.

గడియారాలు ఆగినయని లొల్లి చెయ్యకు. వాటి సెల్లులు నా రిమోట్‌ల వేసిన. కాలేజీకి టైం ఫోన్ల చూసుకో.